ఆజ్ఞ పెద్దదా, అంతరాత్మ పెద్దదా?

చరిత్రను ఆధారం చేసుకుని తయారైన వీడియో ఆటలు మన ఇళ్లలోకీ వచ్చాయి. వాటిలో రాజు ఉంటాడు, సేనాని ఉంటాడు. వారి కింద, పేరైనా గుర్తుండని చిన్న దళపతి ఒకడుంటాడు. మీట నొక్కితే కోట మీదికి దూకుతాడు, కాల్చమంటే కాలుస్తాడు. "ఇది న్యాయమా?" అని అడగడు. బొమ్మకు అంతరాత్మ ఉండదు కదా! మరి మనిషి కూడా, పైవాడు చెప్పాడు గనుక చేసిన పనికి తనకు బాధ్యత లేదనుకోవచ్చునా?

దీనికి జవాబు మన గడ్డమీదే ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు బలగాలు బొబ్బిలి కోటపై విరుచుకుపడ్డాయి. కోట నిలవదని తెలిశాక, తమవారు శత్రువుల చేత చిక్కి అవమానం పాలు కారాదని, రాజు రంగారావు మనుషులే కోటలోని స్త్రీలనూ పిల్లలనూ చంపారు. తర్వాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. బుర్రకథల్లో, 1964, 1986 నాటి సినిమాల్లో మనకు బాగా తెలిసినది ఈ శౌర్యం, ఈ పగ.

అదే యుద్ధంలో మరొకటి జరిగింది. ఒక ముసలివాడు రంగారావు చిన్న కుమారుణ్ణి వెంటబెట్టుకుని ఫ్రెంచి అధికారి లా ఎదుటికి వచ్చాడు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఈ బిడ్డను కాపాడానని చెప్పాడు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ సంగతి రాశాడు గాని, ముసలివాని పేరు రాయలేదు. ఆ బాలుడే తర్వాత బొబ్బిలి జమీందారు అయిన చిన రంగారావు.

ఆ ముసలివాణ్ణి ప్రభుద్రోహి అందామా? విధేయత లేనిదే సైన్యం గాని సంసారం గాని నిలవదు, నిజమే. రంగారావు భయాన్ని కూడా మనం తేలిక చేయరాదు. అయినా బిడ్డ ప్రాణం తండ్రిది కాదు, రాజుది కాదు, దేవుడిచ్చినది. దానిని తీయమనే అధికారం ఎవరికీ లేనప్పుడు, ఆ ఆజ్ఞను పాటించవలసిన బాధ్యతా ఎవరికీ లేదు. ఐగుప్తులో మంత్రసానులు ఫరో మాట వినక మగబిడ్డలను బ్రతకనిచ్చారు. ఘోరమైన నేరాలకు గుడ్డి విధేయత సాకు కాదని 1965లో రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది.

మనకు కోటలు లేవు. అయితే దొంగ బిల్లు మీద సంతకం పెట్టమనే పైఅధికారి ఉన్నాడు. కట్నం చాలలేదని కోడలిని పుట్టింటికి పంపేయమనే పెద్దలున్నారు. "వాళ్లు చెప్పారు, నేను చేశాను" అంటే దేవుని ఎదుట చెల్లదు.

తల్లిదండ్రులారా, పిల్లలకు మాట వినడం నేర్పుతున్నాం, మంచిదే. ఏ మాట వినకూడదో కూడా నేర్పుదాం.