శౌచమా? శంకారోగమా?

శౌచము సాధకునకు తొలిమెట్టు. పతంజలి మహర్షి ఐదు నియమములను చెప్పుచు శౌచమునే మొదట నిలిపినాడు. దేహము శుభ్రమైనచో మనస్సు తేలికపడును. తేలికపడిన మనస్సు భగవంతునిపై నిలుచును. కావున శౌచమునకు ఫలము శాంతి. ఎన్నిమారులు కడిగికొన్నను “ఇంకను మైల పోలేదు” అని మనుజుని మరల మరల నూతికడకు త్రోయునది శౌచము కాదు, అది వ్యాధి. వైద్యులు దానిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనియు, సంక్షిప్తముగా ఓసీడీ అనియు వ్యవహరింతురు. మనము శంకారోగమని పిలుచుకొనవచ్చును.

బస్తరు సీమలో 2007లో దంతెవాడనుండి వేరుపడి ఏర్పడినది బీజాపూర్ జిల్లా. ఇంద్రావతి గోదావరిలో కలియు భద్రకాళి, తెలుగు మాట వినవచ్చు భోపాలపట్నము ఆ జిల్లాలోనివే. అట్టి ఊరిలో ఒక గృహిణిని ఊహింపుడు. సంతనుండి వచ్చిన దినమున ఆమె స్నానము ఒక్కదానితో ముగియదు. బిందెను తోమును, మరల తోమును. చేతుల చర్మము పగిలి నెత్తురు చిమ్మును. “ఏమండీ, అంటు పోయినట్లేనా?” అని భర్తను పదిమారులు అడుగును. పూజకు కూర్చున్న క్షణముననే దైవమును గూర్చి నోట పలుకరాని దూషణభావము మనస్సున మెఱయును. తాను పాపాత్మురాలనని క్రుంగి, జపసంఖ్యను రెట్టింపు చేయును. భావము తగ్గుటకు మాఱుగా హెచ్చును.

ఇందు రెండు భాగములున్నవి. మొదటిది, వలదన్నను చొరబడు తలంపు. రెండవది, ఆ తలంపు పుట్టించిన భయమును పోగొట్టుకొనుటకై చేయు క్రియ: కడుగుట, లెక్కించుట, గడియను మరల మరల చూచుట, ఇతరులను అడుగుట. క్రియ చేయగనే భయము క్షణకాలము శమించును. ఆ శమనమే ఉచ్చు. “కడిగితిని గనుక బ్రదికితిని” అని మనస్సు నేర్చుకొని, మరునాడు మరింత కడుగుమనును. రోగి ఇది వ్యర్థమని చాలవరకు ఎఱిగియే యుండును. ఎఱిగియు మానలేకపోవుటయే అతని దుఃఖము.

జీవితకాలమున నూటికి ఒకరిద్దరికి ఈ రోగము కలుగును. పెక్కుమందికి బాల్యమునగాని యౌవనారంభమునగాని మొదలగును. సిగ్గుచే దాచుకొనుటవలన చికిత్సకు ఏండ్లతరబడి ఆలస్యమగును. ఇది తనకు మిక్కిలి ప్రియమైనదానినే పట్టుకొని పీడించునని తెలిసికొనవలెను. బిడ్డను ప్రేమించు తల్లికి బిడ్డకు హాని చేయుదునేమోయను తలంపు, భక్తునకు దైవదూషణము. ఆ తలంపు అతని కోరిక కాదు. దానిని చూచి అతడు వణకుటయే అందులకు సాక్ష్యము.

ఈ బాధ ఒక మతమునకుగాని దేశమునకుగాని పరిమితము కాదు. స్పెయిను దేశపు సాధువు ఇగ్నేషియస్ లయోలా 1522లో మన్రేసాలో నుండగా, పాపములన్నియు చెప్పికొన్నను ఇంకేదో మిగిలెనను శంకతో ప్రాణత్యాగమునకు సైతము ప్రేరేపింపబడెను. గడచినదానిని ఇక మరల చెప్పనని నిశ్చయించుకొనిన పిమ్మటనే ఆయనకు విముక్తి కలిగెను. శ్రీ శారదాదేవి మేనకోడలగు నళినికి అతిశౌచపు బాధ యుండెను. పల్లెలో ఎండిన మలినమును తొక్కినపుడు తాను రెండుమారులు “గోవిందా” యని సరిపెట్టుకొంటినని మాతృదేవి ఆమెకు బోధించినది. రెండుమారులే, నూఱుమారులు కాదు.

నేటి చికిత్సయు ఇదే మార్గమున నడచుచున్నది. 1966లో లండనునందు విక్టర్ మేయర్ అను మనస్తత్త్వవేత్త ఇద్దరు రోగులకు, భయపడు వస్తువును తాకించి, కడుగుకొనకుండ ఆపి, గుణము కనుగొనెను. కడుగక ఓర్చుకొన్నచో భయము కొంతసేపటికి తనంత తానే తగ్గునని రోగి అనుభవముచే తెలిసికొనును. శిక్షణ పొందినవారు స్వల్పభయముతో మొదలిడి మెట్టుమెట్టుగా ఎక్కింతురు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి ఔషధములును కలవు. వాని ఫలము పూర్తిగా తెలియుటకు పది పండ్రెండు వారములు పట్టవచ్చును. గుణము కనబడగనే వైద్యుని అడుగక మానరాదు. ఇవి అలవాటుపడు మత్తుమందులు కావు.

బస్తరులో జబ్బు చేసినపుడు సిరహానో గునియానో ఆశ్రయించుట వాడుక. చలిజ్వరము విషయమున మార్పు వచ్చినది. 2020లో ఆరంభమైన మలేరియా నిర్మూలనోద్యమమున ఇంటింటికి వెళ్లి, జ్వరము లేనివారికిని రక్తపరీక్ష చేసిరి. మలేరియా సోకినవానిని పాపియని ఎవరును అనరు, మందు ఇత్తురు. శంకారోగికిని ఆ న్యాయమే వర్తింపవలదా? గ్రామదేవతకు మ్రొక్కుకొనుటను ఎవరును కాదనరు. మ్రొక్కి వైద్యునికడకును పోవలెను.

2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగునను మాటలాడుదురు. బిలాసపురమునకు చేరువనున్న సేంద్రీలో రాష్ట్ర మానసిక చికిత్సాలయము కలదు. భోపాలపట్నమునుండి రహదారి వరంగల్లు మీదుగా హైదరాబాదునకు పోవుచున్నది. అచ్చట ఎఱ్ఱగడ్డ ఆసుపత్రి యున్నది. ప్రభుత్వము నడపు సేవలలో మానసిక చికిత్స పొందుట 2017 నాటి చట్టము ప్రతివానికి ఇచ్చిన హక్కు.

ఇంటివారికిని పురోహితులకును ఒక విన్నపము. రోగిని పరిహసింపకుడు, కసరకుడు. “పోయినదా?” అని మరల మరల అడిగినపుడు ప్రతిసారియు “పోయినది” అనుచు రోగమునకు మేత వేయకుడు. ఒకమారు చెప్పి, “ఇది నీ వ్యాధి అడుగుచున్న ప్రశ్న, దీనిని కలిసి ఓర్చుకొందము” అని ప్రక్కన కూర్చుండుడు. ఇంకను జపము చేయుమని ఉపదేశించుట ఈ రోగికి హితము కాదు. నియతసంఖ్యతో ముగించి లేచుటయే అతనికి తపస్సు.

మనస్సు చంచలమని మొఱవెట్టిన అర్జునునకు గీతాచార్యుడు అభ్యాసవైరాగ్యములను ఉపాయముగా చూపినాడు. భయమునకు లొంగక కడుగుకొనకుండుట అభ్యాసము. వచ్చిన తలంపును పట్టుకొనక పోనిచ్చుట వైరాగ్యము. చేయూతనిచ్చు వైద్యుని అంగీకరించుట వినయము. భగవంతుడు మన చేతులెంత తెల్లనైనవో చూచి ప్రేమించువాడు కాడు.