నడుము ఎవరిది?

నడుము కదలిక అశ్లీలమా అని అడిగేవారు ముందు ఆ నడుము ఎవరిదో చెప్పవలసి ఉంటుంది.

నేనుండే గూడూరుకు దగ్గరలోనే కూచిపూడి ఉన్నది. అక్కడ తరతరాలుగా బ్రాహ్మణ పురుషులే స్త్రీవేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా రంగం మీదికి వస్తే ఆ నడకలోని వయ్యారాన్ని పండితులు మెచ్చుకున్నారు. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. సంతోషమే. కాని అటువంటి వయ్యారమే కలావంతుల స్త్రీ చూపితే భోగం మేళమన్నారు. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లలను దేవుడికి అర్పించడాన్ని నిషేధించింది, అది న్యాయం. ఆ చట్టమే గుళ్లలో స్త్రీల నాట్యాన్ని కూడ నిషేధించింది. దురాచారం పోవలసిందే, దానితోబాటు ఆమె విద్యకు కూడ మచ్చ ఎందుకు రావాలి?

శాస్త్రం ఈ భయమెరగదు. ఛిన్న, నివృత్త, రేచిత, కంపిత, ఉద్వాహిత అని కటికి అయిదు కదలికలు నాట్యశాస్త్రమే చెప్పింది.

అమెరికా దక్షిణాదిన నల్లజాతి శ్రామికుల మధ్య పుట్టిన బ్లూస్ కూడ ఇటువంటి నిందే మోసింది. వారమంతా పత్తిచేలో ఒంగిన నడుము శనివారం రాత్రి తనకోసం తాను కదిలితే, అది సైతాను సంగీతమన్నారు. ఆ జంట నృత్యం మన విద్యార్థులు నేర్చుకుంటామంటే ఉలిక్కిపడేవారున్నారు.

నేర్చుకునే పద్ధతి చూడండి. మోకాళ్లు కాస్త వంచి ఒంటి బరువు ఒక పాదం మీదికి తెస్తే, ఆ వైపు తుంటి తనంత తానే పక్కకు జరుగుతుంది. బరువు రెండో పాదానికి మారితే తుంటీ మారుతుంది. నెత్తిన మోపుతో గట్టు మీద నడిచే కూలిమనిషికి ఎవరూ నేర్పని సూత్రమిది. జతగాడి చెయ్యి తరువాతి అడుగును సూచించవచ్చు; ఆమె బరువును ఆమె పాదమే మోయాలి, ఆమె నడుమును ఆమే కదపాలి.

నీతికి కొలత ఇక్కడే దొరుకుతుంది. ఆడే మనిషికి వద్దనే హక్కు ఉన్నదా? జమీందారు పందిట్లో ఆడక తప్పని పిల్లకు ఆ హక్కు లేదు; ఎంత నిండుగా బట్ట కట్టినా అక్కడ జరిగింది అవినీతే. మరి ఒప్పుకొని చేసిందంతా మంచిదేనా అనవచ్చు. కూటికోసం ఇచ్చిన ఒప్పుదల ఇష్టమనిపించుకోదు. సినిమా వ్యాపారి నడుమునొక్కదాన్నే తెర మీద పరచి అమ్ముకుంటే, తప్పు అమ్మకంలో ఉన్నది గాని నడుములో లేదు.

కనక నడుము కదపరాదని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయుడు, దాన్ని కొనేవాడి గురించి కూడ ఒక మాట చెప్పాలి. చెప్పనంతకాలం ఆ నీతిబోధ కొనేవాడి పక్షానే నిలుస్తుంది.