చెంబెడు నీళ్లు పోస్తున్నాం సరే, తులసిని చూస్తున్నామా?

ఈ వారం వీడియోలో ధనుర్మాసం గురించి చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ చాలక వదిలేసిన మాట ఒకటి ఇక్కడ చెప్తాను.

మాది అమరావతి. ఉద్యోగం హైదరాబాద్‌లో. కిందటి దసరాకి ఊరెళ్లినప్పుడు, సొంతూరి మట్టి కదా అని మా చేలోంచి నల్లరేగడి తెచ్చి ఫ్లాట్ బాల్కనీలో కుండీ నింపి తులసి పెట్టాను. కార్తీకమాసమంతా ఒక్కరోజు తప్పకుండా స్నానం, దీపం, చెంబెడు నీళ్లు. క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరికొమ్మ పెట్టి పెళ్లి కూడా చేశా. మార్గశిరం వచ్చేసరికి ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. ఎండిపోతోందేమోనని రెండు చెంబులు పోశాను.

ధనుర్మాసంలో ఊరెళ్లి నాయనమ్మకి ఫొటో చూపించా. చూడగానే అంది: "చలికాలం మొక్క తాగేదే తక్కువరా. పైగా రేగడి తడి వదలదు. చేలో నీళ్లు నిలిస్తే మిరప ఉరకెత్తి చచ్చిపోదూ? రోజూ పోశావు గానీ, ఒక్కరోజన్నా మట్టి ముట్టుకున్నావా నాయనా?"

"మరి ఇప్పుడేం చెయ్యాలి?" అన్నా. పలకలేదు. మళ్లీ అడిగా. నవ్వి ఊరుకుంది. అమ్మ మెల్లగా చెప్పింది: "కొన్ని నెలల నుంచి సరిగా వినపడట్లేదురా. ఫోన్‌లో నీ మాట అర్థం కాకపోయినా ఆఁ ఆఁ అంటుంది, నువ్వు బాధపడతావని."

ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాను, నా బాధ్యత తీరిపోతోంది అనుకున్నా. అదీ చెంబెడు నీళ్లే! ఆవిడకి అందుతోందా లేదా అని ఒక్కసారీ చూడలేదు.

గీతలో 9వ అధ్యాయం, 26వ శ్లోకం మనందరికీ తెలిసిందే. ఆకు, పువ్వు, పండు, నీరు, ఏదైనా చాలంటాడు స్వామి. ఆ శ్లోకంలో ఆకు మాట ఒక్కసారే, నీటి మాట ఒక్కసారే. భక్తి మాట మాత్రం రెండుసార్లు వస్తుంది. నీళ్లు నేను రోజూ ఇచ్చాను. ఆ రెండోదే మర్చిపోయాను.

నాయనమ్మ చెప్పినవి మీకూ పనికొస్తాయి. చలికాలంలో వేలు మట్టిలో గుచ్చి చూసి, పైన ఆరితేనే నీళ్లు పొయ్యండి, అదీ పొద్దెక్కాక. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదు కదా చూడండి. రేగడి అయితే ఇసుక, పశువుల ఎరువు కలపండి. వెన్నులు ముదరకముందే తుంచితే కొత్త చిగుళ్లు వస్తాయి. కుండీలో పాలు పొయ్యొద్దు. దీపం సెగ ఆకులకి తగలకుండా దూరంగా పెట్టండి. ఎండ పడే చోటికి కుండీ జరపండి.

అన్నట్టు, తిరుమలలో ధనుర్మాసం నెలరోజులూ స్వామికి సహస్రనామార్చన తులసితో కాదు, మారేడు దళాలతో చేస్తారు. ఆ ఆచారానికి కారణం ఏదైనా, చలిలో వడలిన నా మొక్కని చూశాక మాత్రం అది తులసమ్మకి విశ్రాంతిలా అనిపించింది.

మట్టి మార్చాను. ఒక కణుపు దగ్గర చిన్న చిగురు కనపడుతోంది. నాయనమ్మని చెవుల డాక్టర్‌కి చూపించాం. ఇప్పుడు వీడియో కాల్ చేసి, నా మొహం కనపడేలా నిదానంగా మాట్లాడతాను.

రేపు పొద్దున చెంబు ఎత్తేముందు ఒక్కసారి మట్టి ముట్టుకోండి. తర్వాత, మీ ఇంట్లో "ఆఁ ఆఁ" అంటున్న వాళ్లెవరో గుర్తు చేసుకోండి.

ఓం నమో నారాయణాయ.