డాబా మెట్లు

ఉప్పెనకి కులం లేదని సభల్లో చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. భక్తులూ అన్నారు, విప్లవం మాట్లాడే మిత్రులూ అన్నారు. 1977 నవంబరు 19, శనివారం సాయంత్రం దివి తాలూకాలో పీకలదాకా నీళ్ళల్లో నానినవాణ్ణి నేను. ఆ మాటకి తలూపలేను. అట్టాగని కొట్టిపారెయ్యనూ లేను. నీళ్ళకి కులం లేదు, నిజమే. ఎత్తుకి వుంది. ఊరు మెరక మీద, మా పల్లె మురుగుకాలవ పక్కన పల్లంలో. డాబా వున్నది ఆసామికి ఒక్కడికే.

మా తాతకి సముద్రం తెలుసు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమి నవముల్లో చిన్నది. అప్పటికి దీపావళి వెళ్ళి వారం దాటింది. "ఈ గాలికి కొంప ఎగిరిపోద్దేమోగానీ నీళ్ళు రావురా" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. పోటుని లేపేది చంద్రుడు, ఉప్పెనని తోసేది గాలి. కృష్ణ కలిసే చోట సముద్రం లోతు తక్కువ. తుఫాను తోసిన నీళ్ళు వేరే దారి లేక నేల మీదికెక్కినయ్. తీరాన సుమారు 5 మీటర్ల ఎత్తని తరవాత కొలిచి రాశారు. అదే పున్నం పోటు మీద వచ్చుంటే ఇంకెంత లేచేదో. ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నాను. ఆవేళ చెప్పినవాడు లేడు. రేడియో ఊళ్ళో వుంది, పల్లెలో లేదు.

అమ్మ నన్ను చంకనేసుకుని డాబా వైపు పరిగెత్తింది. మెట్ల మీద ఆసామి భార్య నిలబడి వుంది. వంగి నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది. ఆ రాత్రి వానలో అన్ని కులాలవాళ్ళం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కూర్చున్నాం. ఆమె అటుకుల మూట విప్పి పిల్లలందరికీ పంచింది. చేతిలోనే పెట్టింది, పైనించి పడెయ్యలా. తాతా, చెల్లీ మాత్రం డాబాదాకా రాలేకపోయారు.

తెల్లారి చూస్తే ముళ్ళకంపల మీద శవాలు. పోయినవాళ్ళు సర్కారు లెక్కకే సుమారు 10,000. పల్లెకి కబురొచ్చింది, "మీరయితే అలవాటున్నోళ్ళు" అని. నాయన తన తండ్రిని వెతుక్కోకముందే ఆసామి గొడ్ల కళేబరాలు ఈడ్చాడు. బయటినుంచి వచ్చిన కుర్రాళ్ళు కులం చూడకుండా శవాలు మోశారు, అదీ చెప్పాలి.

నాలుగో రోజు ఆసామి భార్య మెట్లన్నీ కడిగించి పసుపునీళ్ళు చల్లింది. బావులన్నీ ఉప్పుదేలిన రోజులవి. ఆ ఉప్పునీళ్ళతోనే కడిగించింది.

"ఆ మేడ లేకపోతే నువ్వు లేవురా" అని అమ్మ చివరిదాకా అంటూనే వుంది. అంబేడ్కర్ని చదివిన కొత్తలో నాకు మండిపోయేది. "ఆ డాబాకి గానుగ సున్నం తట్టలకెత్తి మోసింది నువ్వే కదే, మనమెట్టా రుణపడతాం?" అన్నాను.

"మోశాను. కూలిచ్చారు. నీ చెయ్యి పట్టి లాగినదానికి కూలెంతరా?"

జవాబు చెప్పలేకపోయాను. తరవాత ఇన్నేళ్ళూ ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆ చేతికి రుణపడ్డాను. డాబాకి కాదు. పల్లానికి తోసినవాళ్ళు ప్రాణం మీదికొచ్చినప్పుడు మెరక మీదికి రానిస్తే దాన్ని దయ అనటం నాకు చేతగాదు. కానీ లాగిన చెయ్యీ, పసుపు చల్లించిన చెయ్యీ ఒకటే. దాన్ని రెండుగా కొయ్యటం ఎట్టాగో తెలీదు. తెలిస్తే మీరు చెప్పండి.

తరవాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే తుఫానుకి జనాన్ని ముందే తరలించారు, చావులు వెయ్యి లోపే. ఎవరి మెట్లూ ఎక్కక్కర్లేకుండా ప్రాణం దక్కటమంటే ఏమిటో అప్పుడు చూశాను. మా షెల్టర్ మెట్లు అందరివీ. లోపల ఏ మూల ఎవరిదో మాత్రం ఒకళ్ళు చెప్పకుండానే అందరికీ తెలిసింది.

ఆమె పోయినప్పుడు అమ్మ నన్ను తరిమింది. "పోరా, చూసిరా." వెళ్ళాను. ఆ మెట్లే. కింద నిలబడితే ఎవరో "పైకి రావయ్యా" అన్నారు. ఎక్కాను. ఆ రాత్రి నీళ్ళు ఆగింది తొమ్మిదో మెట్టు కింద. కాసేపుండి దిగొచ్చేశాను. వీధి మలుపు దాకా వచ్చాక, ఎవరన్నా బిందె తీసుకుని మెట్ల దగ్గరికి వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.