కొల్లేరు చెప్పే ధర్మం

ప్రకృతి ఉన్నది మనిషి భోగానికేనా? దెందులూరుకు దక్షిణాన పరుచుకున్న కొల్లేరు సరస్సు కాదంటుంది. ఏ తావైనా అక్కడి తిండి, నీరు, చోటు పోషించగలిగినన్ని ప్రాణులనే మోస్తుంది. గూడబాతుకు చేప ఆధారం, చేపకు నీటిలోని సూక్ష్మజీవులు ఆధారం. ఈ అల్లికలో ప్రతి ప్రాణికీ వాటా ఉంది, యాజమాన్యం ఎవరికీ లేదు. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాక బుడమేరు, తమ్మిలేరు వరద సముద్రానికి పోయే ఉప్పుటేరును చేరే దారి ఇరుకైంది. ముంపు మళ్లీ ఊళ్ల మీదికే వచ్చింది. చేసిన కర్మ ఫలం అనుభవించక తప్పదన్న మాట ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

పక్షుల కోసం పేదల కూడు తీయడం ధర్మమా అని అడుగుతారు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు లేచిన ఈ ప్రశ్న న్యాయమైనదే. పొట్టకూడు కోల్పోయిన వారికి ప్రత్యామ్నాయం చూపడం ప్రభుత్వ బాధ్యత. కానీ వలతో బతికే జాలరికి సరస్సు బతికుండటమే ఆస్తి. దాన్ని మడులుగా కోసిన పెట్టుబడే అతనికి మొదటి శత్రువు. కనుక హద్దు పాటించడం పేదకు వ్యతిరేకం కాదు, రక్ష. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కే చేతులు నీటి దారిని కూడా వదలాలి. అదే నిజమైన మొక్కుబడి.