నీట మునిగిన గడప

పూర్వకాలపు కట్టడములను చూడబోవువారు సామాన్యముగా రెండు తెగలుగా నుందురు. కొందఱు కన్నుల పండువుకొఱకు పోవుదురు. కొందఱు గతవైభవమును తలచి గర్వపడుటకు పోవుదురు. ఈ రెండు కోరికలును దోషములు గావు. కాని వీనికి మించిన దొకటి కలదనియు, కట్టడమును చూచి ఆనందించువాడు ఎవరికో ఋణపడుచున్నాడనియు మాకు ఇటీవల నొక దినమున తెలిసివచ్చినది. ఆ దినమును గూర్చియే యీ నాలుగు మాటలు.

మా సహాధ్యాయి యొకడు పాలమూరు సీమవాడు, కృష్ణాతీరమున పుట్టినవాడు. అతడును మేమును ఒక శీతకాలపు ఉదయమున కొల్లాపురము చేరితిమి. అచటి రాజభవనమును చూచి, మధ్యాహ్నమునకు సోమశిల పోయి, కృష్ణాదర్శనము చేసికొని మరలవలెనని సంకల్పము. కొల్లాపురము జటప్రోలు సంస్థానమునకు ముఖ్యపట్టణము. సురభి వంశమువారు ఏలినది. ఆ దినములలో కృష్ణకు ఈవల నిజాము ప్రభుత్వము. ఆవల, 1839లో కర్నూలు నవాబును తొలగించిన పిదప, కుంపిణీవారి యేలుబడి. ఈ దరిని మనము చూచు ఆ కాలపు మేడలు తెల్లదొరలు కట్టించినవి కావు. తెల్లదొరల నీడలో నిజామును, నిజాము నీడలో సంస్థానాధీశులును ఉన్నప్పుడు, ఆ నీడ క్రింది నీడలో లేచినవి. గద్వాల, వనపర్తి, కొల్లాపురము మూడింటి కథయు నిట్టిదే.

కొల్లాపురపు మేడ యెదుట నిలిచి మేము మురిసిపోతిమి. ఈ వంశమున పుట్టిన మాధవరాయలు 'చంద్రికాపరిణయము' రచించిన కవి. ఎలకూచి బాలసరస్వతివంటి పండితు డీ సంస్థానము నాశ్రయించినవాడు. కచ్చేరీలలో పారసీకమును, పిదప ఉర్దూయు చెలామణియైన కాలమున తెలుగు పండితునకు ఇంత అన్నము పెట్టి శాలువ కప్పినవి ఈ సంస్థానములే. ఇదంతయు మేము మిత్రునికి ఉత్సాహముతో చెప్పుచుంటిమి. అతడు విని, "నిజమే. పండితునకు శాలువ దొరికినది. ఈ గోడకు సున్నము మోసినవానికి ఏమి దొరికినది?" అని యడిగెను.

మేము తడబడితిమి. వెట్టిచాకిరి యీ నేలకు క్రొత్త మాట గాదు. చాకలి, మంగలి, కుమ్మరి మొదలుకొని హరిజనునిదాక ప్రతివాడును దొరతనమువారికి కూలి లేని పని చేయవలసినదే. 1930లో జోగిపేటలో, ఈ సీమకే చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆరంభమైన ఆంధ్రమహాసభ వెట్టికి విరోధముగా గొంతెత్తినది. ఆ గొంతు పుట్టకముందు లేచిన గోడలలో ఎవరి చెమట యెంత కలిసినదో వ్రాసిపెట్టినవా రెవరు? కవి పేరు కృతిలో నున్నది. రాజు పేరు శాసనములో నున్నది. మోసినవాని పేరు ఎచటను లేదు.

అటనుండి మాధవస్వామి యాలయమునకు పోతిమి. ఈ గుడి మొదట ఇచ్చట లేదు. కృష్ణయొడ్డున మంచాలకట్టలో నుండెడిది. శ్రీశైలము ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. జలాశయము నిండునాటికి తీరమునందలి సుమారు నూరు గ్రామములు మునుగవలసివచ్చినవి. అప్పుడు గుడులను రాయి రాయిగా విప్పి, రాతిరాతికిని అంకె వేసి, మెట్టభూములకు తరలించి మరల కట్టిరి. సోమశిల సోమేశ్వరాలయము నట్లే తరలినది. కూడవెల్లి సంగమేశ్వరాలయ మట్లే ఆలంపురము చేరినది. గొప్ప పని. శిల్పులను ఎంత పొగడినను తీరదు. మేము స్తంభములను తడవి చూచుచు పొగడుచునే యుంటిమి. మిత్రుడు మాత్రము చెప్పులు విడిచి, చేతులు జోడించి, మౌనముగా నిలిచియుండెను.

సోమశిల చేరుసరికి మధ్యాహ్నమైనది. ద్వాదశ జ్యోతిర్లింగముల పేర వెలసిన చిన్న గుడులను చూచి రేవునకు దిగితిమి. కంటికి ఆననంత నీరు. ఆవలి దరి పొగవలె కానవచ్చుచుండెను. ఆ వైపుననే సంగమేశ్వరము. సంవత్సరములో పెక్కు నెలలు నీటిలోనుండి, వేసవిని మాత్రమే పైకి వచ్చు దేవళము. మిత్రుడు నీటిపై ఒక చోటికి వ్రేలు చూపి, "మా యిల్లు అచట నుండెడిది" అనెను. ప్రక్కనే వల సరిచేసికొనుచున్న జాలరి యది విని, "ఎండకాలం రాండ్రి సారూ, నీళ్లు తగ్గితే గోడలు కనవడ్తయి" అనెను. అతని మాటలో జాలి లేదు, వెటకారము లేదు. వాన వచ్చునన్నట్లు చెప్పెను.

అప్పుడు మిత్రుడు మావైపు తిరిగి అనిన మాట యిది: "గుడి రాళ్లకు అంకెలు వేసినారు. మంచిదే. మా గడపకు ఎవరును అంకె వేయలేదు."

మేము ప్రతిగా చెప్పుటకు ప్రయత్నించితిమి. శ్రీశైలమున కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్లు విద్యుత్తు పుట్టించు యంత్రములున్నవి. ఈ జలాశయమునుండియే నీరెత్తి పాలమూరు మెట్టలకు పారించుచున్నారు. పెక్కుమంది మేలుకొఱకు కొందఱి నష్టము తప్పదుగదా యంటిమి. అతడు కోపపడలేదు. "దీపము వలదని నేననలేదు. నేనును ఆ దీపము క్రిందనే చదువుకొంటిని. ఇచ్చినవాని పేరు కూడ గుర్తుండవలెనని మాత్రమే యనుచున్నాను. ఇష్టపడి యిచ్చినది దానము; అడుగకుండ తీసికొన్నది అప్పు. అప్పును దానమని వ్రాసికొనుట న్యాయమా?" అనెను.

చదువరులారా, ఈ ప్రశ్నకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. పెక్కుమంది సుఖమునకు కొందఱు నష్టపడుట ఒక్కొక్కప్పుడు తప్పకపోవచ్చును. కాని తప్పనిసరియైనంతమాత్రమున ఋణము తీరిపోదు. ఆ నష్టము నేటికిని సాగుచునే యున్నది. నది జలాశయమైనందున రేవు వెడల్పైనది. 2007 జనవరిలో ఈ మంచాలకట్ట దారిలోనే పడవ మునిగి అఱువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి.

అట్లయిన మేడలను కూల్చవలెనా? గుడులను చూడకుండవలెనా? మా మిత్రుడే దాని కొప్పుకొనడు. కట్టడము తానుగా పాపము చేయదు. దానిని మన మేమి చేయుదుమో అందులోనే ధర్మమున్నది. వనపర్తి రాజభవనమున 1959లో నెహ్రూగారి చేతులమీదుగా పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర కళాశాల నడచినది. వెట్టివాని మనుమడు ఆ వాకిటిలోనుండి పుస్తకములు పట్టుకొని పోవుటకంటె ఆ గోడలకు మేలైన ప్రాయశ్చిత్తము మాకు తోచదు.

ఇన్ని లెక్కలు తలచుచు చూచినయెడల ఆనందమేమి మిగులునని కొందఱడుగుదురు. దున్నినవా డెవడో, దంచిన దెవరో యెఱిగి తిన్నవానికి అన్నము రుచి తగ్గునా? తగ్గదు, ఎంగిలి విడుచుట మాత్రము తగ్గును.

సాయంకాలమున మిత్రుడు మమ్ము తన తల్లిగారి యొద్దకు తోడుకొనిపోయెను. ఊరు విడుచునాడు ఆ యమ్మ బండిమీద గింజలతోపాటు ఇంటి గడపను కూడ ఎక్కించుకొని వచ్చినదట. క్రొత్త యింటి వాకిలికి దాని కొలత కుదరలేదు. నేటికిని అది పశువుల కొట్టములో గోడకానించి యున్నది. శుక్రవారము శుక్రవారమును ఆమె దానికి పసుపు పూయును. "దీన్ని చూడనీకి ఎవరొస్తరు నాయనా?" అని ఆమె నవ్వెను. ఆ దినమున మేము చూచిన చారిత్రక స్థలములలో కడపటిది ఆ గడపయే.

రాజుల చరిత్ర వ్రాయుటకు పండితులున్నారు. మునిగిన యూళ్ల చరిత్ర వ్రాయవలసినది మనము. మీ యింట అట్టి యూరినుండి వచ్చిన అవ్వగాని తాతగాని యున్నయెడల, నేటి రాత్రియే ప్రక్కన కూర్చుండి అడుగుడు. ఊరి పేరేమి, బావి యెచటనుండెడిది, రచ్చబండ యే చెట్టు క్రింద, గడప యే కఱ్ఱతో చేసినది: ఇవి వ్రాసికొనుడు. దీనికి ధనము పట్టదు. ఒక పుస్తకమును, కొంత యోపికయు చాలును. ఆ వ్రాత ఋణమును తీర్చదు. కాని ఋణమున్నదని ఒప్పుకొన్నట్లగును; తీర్చుట అచటనుండియే మొదలగును.