సాయంకాలపు బాకీ

ధ్యానమునకు: లేవీయకాండము 19:13, ద్వితీయోపదేశకాండము 24:14, 15, మత్తయి 20:1–16, యాకోబు 5:4



మిరపకోతల దినములలో ముండ్లమూరు, దర్శి ప్రాంతములందు ప్రొద్దు పొడవకముందే ఆటోలు నిండిపోవును. సద్దిమూటతో బయలుదేరిన తల్లి చీకటిపడిన తరువాతనే ఇల్లు చేరును. ఒక దినపు ఎండ, నడుమునొప్పి, మంట పుట్టిన చేతులు: ఇవన్నియు ఆమె మనకు ముందుగానే ఇచ్చివేసినది. మనము ఇయ్యవలసినది మాత్రము ఇంకను మన చేతిలోనే యున్నది. కూలి అనగా ఏమి? మనము ఇచ్చు సహాయమా, లేక తీర్చవలసిన అప్పా? ఈ నెల దీనినే ఆలోచింతము.

మోషే ధర్మశాస్త్రము కూలివాని కూలిని తెల్లవారువరకు ఉంచుకొనవద్దనుచున్నది. సూర్యుడు అస్తమింపకముందే చెల్లింపుమనుచున్నది. ఇంత తొందర యెందుకు? బీదవాని ప్రాణము ఆ కూలిమీదనే ఆనుకొని యున్నదని ద్వితీయోపదేశకాండము కారణము చెప్పుచున్నది. ఆస్తిగలవానికి పది దినముల ఆలస్యము పుస్తకములో ఒక గీత మాత్రమే. కూలివానికి అది ఆ రాత్రి పొయ్యిమీద కుండ. ఒకే రూపాయి ఒకచోట లెక్క, మరియొకచోట అన్నము. కావున ఆలస్యముగా ఇచ్చిన పూర్తి కూలికూడ పూర్తి కూలి కాదు.

ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు మేము మా తప్పిదమును ఒప్పుకొనవలెను. ఒక యేడు మా మిరపచేనిలో పనిచేసిన ఇద్దరు స్త్రీలకు, సరుకు గుంటూరులో అమ్ముడుపోయిన తరువాత ఇత్తుమని చెప్పితిమి. వారు మారుమాటాడలేదు. ఆ ఆదివారము కానుకసంచి పట్టుకొని వరుసలగుండ వెళ్లినవారము మేమే. ఆ యిద్దరిలో ఒకామె కొంగుముడి విప్పి సంచిలో నాణెము వేసెను. ఆ వారము ఆమె బియ్యము అప్పు తెచ్చుకొన్నదని తరువాత తెలిసినది. దేవుని మందిరములో ఆమెయొద్ద కానుక పుచ్చుకొన్న చెయ్యియే ఆమె కూలిని ఆపిన చెయ్యి. ఆ దినమున మేము చేసిన ప్రార్థన యెంత ఎత్తుకు వెళ్లినదో మాకు తెలియదు. నిలిపివేసిన కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసినది మాత్రము అప్పుడు బోధపడినది. ఆమె నోరు మెదపలేదు, కూలి మాటలాడెను.

మన జిల్లా సంఘచరిత్రయందే దీనికి పాఠమున్నది. 1876–78 నాటి మహా కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుకు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలిగొన్న వేలమందికి పని చూపి కూలి ఇచ్చెను. కరవు సహాయము కొరకు జనులు మతములో చేరినారన్న మాట రాకుండ, ఆ పనులు సాగినంతకాలము బాప్తిస్మములు ఆపెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇందులో మనము గమనింపవలసిన దొకటి: కూలి వేరు, కృప వేరు. కృపకు వెల కట్టరాదు. కూలిని కృపవలె విదిలింపరాదు. పనివాడు తన కూలికి చెయ్యి చాపునప్పుడు తల వంచనక్కరలేదు.

అయితే రైతు పక్షమున ఒక న్యాయమైన మాట యున్నది. మనలో అనేకులు నేడు ఒకటి రెండెకరములు కౌలుకు తీసికొని మిరపో పొగాకో వేయుచున్నారు. కౌలు ముందుగా కట్టవలెను, ఎరువు అప్పు తేవలెను. ధర పడిపోయినయెడల ఇల్లు గడవదు. "మాకే లేనప్పుడు ఎక్కడనుండి తెచ్చి ఇత్తుము?" అందురు. ఇది అబద్ధము కాదు. కాని ధర పెరిగిన యేట ఆ లాభములో కోతకు వచ్చిన తల్లికి పాలు పెట్టితిమా? లేదు; మాటాడుకొన్న కూలియే ఇచ్చితిమి. లాభములో పాలు లేనివారిని నష్టములో పాలివారిని చేయుట యే న్యాయము? పంట భారము పంట యజమానిది. కూలి డబ్బు చేతిలో పెట్టుకొని కోతకు పిలువవలెను. లేనియెడల పనికి ముందే ఆ సంగతి చెప్పవలెను. ఎందుకనగా పని అయిన పిమ్మట ఆమె కాదనలేదు.

మరి కొందరు, "ఒప్పుకొన్న కూలియే ఇచ్చితిమి గదా" అందురు. మత్తయి 20లోని యజమానుడు మొదట వచ్చినవారికి ఒప్పుకొన్న దేనారమును తగ్గింపలేదు. కడపట వచ్చినవారికి వారి గంటను కాదు, వారి ఇంటి అవసరమును చూచెను. అదియు సాయంకాలమైనప్పుడే ఇప్పించెను. ఆకలి చేయించిన ఒప్పందమును స్వేచ్ఛగా చేసిన ఒప్పందమని చెప్పుట సులభము కాదు. వానలు లేని నెలలలో పని దొరకక వచ్చినవారితో బేరమాడునప్పుడు దీనిని జ్ఞాపకముంచుకొందము.

స్త్రీకి తక్కువ, పురుషునికి ఎక్కువ అను వాడుకను గూర్చియు ఒక మాట. 1948లో కనీస వేతనముల చట్టము, 1976లో స్త్రీ పురుషులకు సమాన వేతనముల చట్టము వచ్చినవి. ఆ రెండును 2019 నాటి వేతనముల కోడ్‌లో కలిసి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రములో 2025–26 సంవత్సరమునకు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. అది స్త్రీకిని పురుషునికిని ఒక్కటే. ప్రభుత్వపు లెక్కలో లేని భేదము ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొను మన చేలలో ఉండదగునా?

పనిచేయువారికిని మా మనవి యొకటి: చూచువారు లేనప్పుడును పని నమ్మకముగా చేయుడి. న్యాయమైన కూలి అడుగు నోటికి అది బలమిచ్చును.

వచ్చే ప్రభురాత్రి భోజనమునకు ముందు మనలో ప్రతివాడు తన లెక్కపుస్తకము తెరచి చూచుకొనునుగాక. ఎవరి కూలియైనను మనయొద్ద నిలిచియున్నయెడల శనివారము సాయంకాలమే వారి ఇంటికి నడిచి వెళ్లి చెల్లింతము. వారిని మన గుమ్మము చుట్టు త్రిప్పవద్దు. మేము ఆ యిద్దరి ఇండ్లకు ఆలస్యముగా వెళ్లితిమి. మీరు ఆలస్యము చేయకుడి.

ప్రార్థన: ప్రభువా, మాయొద్ద నిలిచిపోయిన కూలి మామీద సాక్ష్యమియ్యకమునుపే మమ్మును లేపుము. ఆమేన్.